పంప్ పనిచేస్తూనే ఉంది, నొప్పి మాత్రం తిరిగొచ్చింది: ఒక ఇంట్రాథీకల్ కేసు

వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి, అంటే సీఎస్‌ఎఫ్‌లోకి, నేరుగా మందు పంపడాన్ని ఇంట్రాథీకల్ చికిత్స అంటాం. పొట్ట చర్మం కింద ఒక పంప్, అక్కడి నుంచి వెన్నులోకి సన్నటి కాథెటర్ ఉంటాయి. ఈ పంప్ ఎలా అమర్చాలో చెప్పే వ్యాసాలు చాలానే ఉన్నాయి. అమర్చిన రెండేళ్ల తర్వాత నొప్పి మళ్లీ పెరిగితే ఏం చేయాలన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. నొప్పి పెరిగిందని రోగి చెప్పగానే డోస్ పెంచడం డాక్టర్లందరికీ చేతికి అలవాటైన పని. ఈ చికిత్సలో ఆ అలవాటు చాలా ప్రమాదం. మందు చేరాల్సిన చోటికి చేరుతోందా, చేరినచోట ఇంకేమైనా చేస్తోందా అన్నది తేలాకే డోస్ గురించి ఆలోచించాలి. పెయిన్ క్లినిక్‌లో పనిచేసే జూనియర్లు, పంప్‌లో మందు నింపే, అంటే రీఫిల్ చేసే నర్సులు, పంప్ పెట్టించుకున్నవాళ్ల కుటుంబాలు దీన్ని చదవాలని నా కోరిక. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

రోగి సంగతి

ఆమె వయసు 54, హైస్కూల్ టీచర్. నడుములో ఎల్4-ఎల్5, అంటే నాలుగో, ఐదో నడుం వెన్నుపూసల మధ్య డిస్క్ ఆపరేషన్ జరిగింది. కొన్నేళ్లకు అదే చోట స్క్రూలు, రాడ్లు వేసి ఎముకల్ని కలిపారు. రెండో ఆపరేషన్ తర్వాత తీసిన స్కాన్‌లో స్క్రూలు బాగున్నాయి, ఎముక అతుక్కుంది, నరం మీద ఒత్తిడి లేదు. నొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది. నడుములో మొద్దు నొప్పి, కుడికాలు వెనక నుంచి పాదం దాకా మంట, రాత్రిపూట పాదంలో కరెంటు కొట్టినట్టు పోట్లు. దీన్ని ఒకప్పుడు ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్ అనేవాళ్లం, ఇప్పుడు పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్ టైప్ 2 అని రాస్తున్నాం.

మా దగ్గరికి వచ్చేసరికి రోజుకు 180 మి.గ్రా. మార్ఫిన్ నోటి ద్వారా తీసుకుంటున్నారు. దాంతోపాటు నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్ కూడా. ఫిజియోథెరపీ, నరాల ఇంజెక్షన్లు అయిపోయాయి. వెన్నుపాముకు కరెంటు ప్రేరణ ఇచ్చే స్టిమ్యులేటర్‌ను ట్రయల్‌గా పెట్టి చూశారు. కాలి మంట కొంచెం తగ్గింది కానీ నడుము నొప్పి కదల్లేదు, అందుకని శాశ్వతంగా అమర్చలేదు. ఇన్ని మందుల మీద కూడా నొప్పి పదికి ఎనిమిది. మలబద్ధకం తీవ్రంగా ఉంది, మధ్యాహ్నం అయితే మగత. కూర్చుంటే పావుగంట, నిలబడితే అంతకన్నా తక్కువ. "నొప్పి కంటే ఈ మబ్బు ఎక్కువ బాధగా ఉంది డాక్టర్ గారూ, పిల్లలు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా నోటికి రావట్లేదు" అన్నారు. ఆ మాట తర్వాత మేం తీసుకున్న చాలా నిర్ణయాలను ప్రభావితం చేసింది.

వెన్నులోకే ఎందుకు

మార్ఫిన్ పనిచేసే ముఖ్యమైన చోటుల్లో వెన్నుపాము వెనుక భాగం ఒకటి. దాన్ని డోర్సల్ హార్న్ అంటారు. శరీరం నుంచి వచ్చే నొప్పి సంకేతం అక్కడే ఒక నాడీకణం నుంచి మరో నాడీకణానికి మారుతుంది. ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) మందు అక్కడ రిసెప్టర్లకు అతుక్కుని, మొదటి కణం చివర్లోకి కాల్షియం వెళ్లడాన్ని తగ్గిస్తుంది, రెండో కణం నుంచి పొటాషియం బయటికి పోయేలా చేసి దాన్ని శాంతపరుస్తుంది. ఓపియాయిడ్లు వెన్నుపాములోనే నొప్పిని ఆపగలవని 1976లో యాక్ష్, రూడీ ఎలుకల మీద చూపించారు. 1979లో వాంగ్, ఆయన సహచరులు క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్లకు మార్ఫిన్‌ను ఇదే దారిలో ఇచ్చి ఫలితం ప్రచురించారు.

మాత్రగా మింగిన మార్ఫిన్‌లో కొంత లివర్‌లో పోతుంది, మిగిలింది ఒళ్లంతా తిరుగుతుంది, వెన్నుపాముకు చేరేది చాలా కొద్ది. అందుకే నోటి ద్వారా 300 మి.గ్రా., రక్తనాళంలోకి 100 మి.గ్రా., ఎపిడ్యూరల్‌గా (వెన్నుపాము పొర బయట) 10 మి.గ్రా., ఇంట్రాథీకల్‌గా 1 మి.గ్రా. సుమారు సమానం అని చదువుకుంటాం. ఈ లెక్క ఒక అవగాహన కోసం మాత్రమే. దీన్ని పట్టుకుని రోగి మాత్రల మోతాదును 300తో భాగించి పంప్‌లో పోయకూడదు. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ, పొరపాటు జరిగితే శ్వాస ఆగిపోతుంది.

ఇంకో విషయం చెప్పాలి. ఈ చికిత్సకు గట్టి రుజువు క్యాన్సర్ నొప్పిలో ఉంది. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో 202 మంది రోగుల్ని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మామూలు వైద్యం, రెండో గుంపుకు దాంతోపాటు పంప్ ఇచ్చారు. పంప్ ఉన్నవాళ్లలో నొప్పి సగటున 52 శాతం తగ్గింది, లేనివాళ్లలో 39 శాతం. మందుల దుష్ప్రభావాలు పంప్ గుంపులో 50 శాతం తగ్గితే, రెండో గుంపులో 17 శాతమే తగ్గాయి. క్యాన్సర్ కాని దీర్ఘకాలిక నొప్పిలో మన దగ్గర ఉన్నది ఎక్కువగా రోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన అనుభవమే. ఈ తేడా ఆమెకూ, ఆమె భర్తకూ కూర్చోబెట్టి చెప్పాం. నొప్పి పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. సగానికి తగ్గడం, మాత్రల మబ్బు వదలడం, క్లాసులో నిలబడగలగడం, ఈ మూడూ లక్ష్యాలుగా కాగితం మీద రాసుకున్నాం.

ట్రయల్

పంప్ పెట్టే ముందు మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్షే ట్రయల్. ముందుగా నోటి మార్ఫిన్‌ను కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గించి 60 మి.గ్రా.కు తెచ్చాం. పెద్ద మోతాదు మాత్రలకు అలవాటుపడిన వెన్నుపాము మీద చిన్న ఇంట్రాథీకల్ డోస్ పనిచేస్తుందో లేదో చెప్పడం కష్టం. తగ్గించాక తక్కువ డోస్‌తోనే ఫలితం తెలుస్తుంది, ఆ తర్వాత డోస్ పెరిగే వేగం కూడా తగ్గుతుందని చాలామంది అనుభవం. ఆమెకు అత్యంత కష్టమైన రోజులు ఇవే. మా సైకాలజిస్ట్ వారం వారం మాట్లాడారు. ఈ దశలో రోగిని ఒంటరిగా వదిలేసే టీమ్ పంప్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ట్రయల్ కోసం ఆసుపత్రిలో చేర్చుకుని, ప్రిజర్వేటివ్ లేని మార్ఫిన్ 0.2 మి.గ్రా. ఒక్కసారి ఇచ్చాం. మామూలు ఇంజెక్షన్లలో మందు నిలవ ఉండటానికి కలిపే ప్రిజర్వేటివ్‌లు నరాలకు హాని చేస్తాయి కాబట్టి ఈ దారిలో వాటికి చోటే లేదు. మార్ఫిన్ నీటిలో కరిగే మందు. కొవ్వులోకి త్వరగా పోకుండా సీఎస్‌ఎఫ్‌లోనే ఉండి నెమ్మదిగా పైకి, మెదడు వైపు పాకుతుంది. అందుకే శ్వాస మందగించడం గంటల తర్వాత కూడా రావచ్చు. ఇరవై నాలుగు గంటలూ పల్స్ ఆక్సీమీటర్, గంట గంటకు శ్వాస లెక్క, మంచం పక్కనే మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ సిద్ధం.

రెండు గంటల్లో నొప్పి ఎనిమిది నుంచి మూడుకు దిగింది. నంబర్ ఒక్కటే చూస్తే చాలదు. వార్డు కారిడార్ ఆ చివర దాకా నడిపించాం, కుర్చీలో కూర్చోబెట్టి ఆమె తెచ్చుకున్న జవాబు పత్రాలు దిద్దమన్నాం. ముక్కు చుట్టూ దురద, కొంత వాంతి భావన, సాయంత్రానికి మూత్రం బిగిసిపోవడం వచ్చాయి. ఒకసారి గొట్టం వేసి తీయాల్సి వచ్చింది. మర్నాడు నొప్పి మెల్లగా పాత స్థాయికి చేరింది. ట్రయల్ సఫలమైందని రాశాం.

అప్పుడు జికోనొటైడ్ అనే ఇంకో మందు గురించి కూడా మాట్లాడాం. ఇది కోనస్ మాగస్ అనే సముద్రపు నత్త విషంలోని పదార్థానికి కృత్రిమ రూపం. ఓపియాయిడ్ కాదు. నొప్పి నరాల చివర్లలో ఎన్-టైప్ కాల్షియం ఛానెళ్లను మూసేస్తుంది. శ్వాసను ఆపదు, అలవాటుపడి డోస్ పెరిగే బాధ లేదు, ఆపేస్తే విత్‌డ్రావల్ (అలవాటైన మందు లేక వచ్చే బాధలు) రాదు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో అనుమతించింది. దీనికి సంబంధించిన భయం వేరు. తలతిరగడం, గందరగోళం, మరుపు, మాట తడుముకోవడం వస్తాయి. గతంలో సైకోసిస్ (భ్రమలు, భ్రాంతులు వచ్చే మానసిక వ్యాధి) ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు. మాట తడబడుతుందని వినగానే ఆమె వద్దన్నారు. మాటే జీవనాధారమైన మనిషి. ట్రయల్‌లో మార్ఫిన్ బాగానే పనిచేసింది కూడా. మార్ఫిన్‌తోనే వెళ్లాం.

అమర్చడం

దీని గురించి క్లుప్తంగానే రాస్తాను. పక్కకు పడుకోబెట్టి, ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్‌రేలో) చూస్తూ, నడుం మధ్యగీతకు కాస్త పక్క నుంచి ఏటవాలుగా సూది ఎల్2-ఎల్3 దగ్గర లోపలికి పంపాం. ఏటవాలుగా వెళ్తే కాథెటర్ ఎముకల ముళ్ల మధ్య నలిగి తెగే అవకాశం తక్కువ. కాథెటర్ కొనను టీ10 (వీపులోని పదో వెన్నుపూస) దాకా, వెన్నుపాము వెనుక వైపు ఉండేలా పంపాం. పంప్‌ను పొట్ట ఎడమవైపు, పక్కటెముకలకూ తుంటి ఎముకకూ తగలనిచోట, చర్మానికి రెండున్నర సెంటీమీటర్లు మించని లోతులో పెట్టాం. అంతకన్నా లోతైతే రీఫిల్ సూదికి మధ్య రంధ్రం దొరకదు, పంప్‌తో మాట్లాడే రిమోట్‌కు సిగ్నల్ సరిగా అందదు.

కొన ఎక్కడుందన్నది డోస్ ఎంత అన్నదానికంటే ముఖ్యం. సీఎస్‌ఎఫ్‌లో పడిన మందు ఆ ద్రవమంతా కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పంప్ ఇచ్చే వేగం రోజుకు ఒక మిల్లీలీటర్‌లో పదో వంతు కావచ్చు. అంత నెమ్మదిగా చుక్కచుక్కగా వచ్చే మందు కొన దగ్గర కొన్ని సెంటీమీటర్ల మేరకే ఎక్కువగా ఉంటుందని పందుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇది రెండు వైపులా పదునున్న విషయం. నొప్పికి సంబంధించిన చోట కొన ఉంటే తక్కువ మందు చాలు. ఆ మందు చాలా గాఢంగా ఉంటే, ఆ కొద్దిచోటే దాని దెబ్బ మొత్తం తినాలి.

20 మి.లీ. రిజర్వాయర్ (మందు నిలవ ఉండే గది) ఉన్న పంప్. రోజుకు 0.2 మి.గ్రా.తో మొదలుపెట్టాం. కొన్ని వారాల్లో నోటి మార్ఫిన్ పూర్తిగా ఆగింది. ఏడాది చివరికి డోస్ 1 మి.గ్రా. దగ్గర నిలిచింది, నొప్పి మూడు, నాలుగు మధ్య. ఆమె మళ్లీ స్కూలుకు వెళ్లారు.

నొప్పి తిరిగొచ్చిన కథ

మా ఆసుపత్రి ఆమె ఇంటికి దూరం. రెండో ఏడాది రీఫిల్ దగ్గర్లోని మరో సెంటర్‌లో చేయించుకునే ఏర్పాటు చేశారు. ఆ ఏడాదిలో నొప్పి కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది, ప్రతి రీఫిల్‌కూ డోస్ పెరిగింది. చివరికి రోజుకు 6 మి.గ్రా. దానితోపాటు మందు గాఢత కూడా పెరిగింది. దీని వెనక మంచి ఉద్దేశమే ఉంది. పంప్‌లో వాడుకోగలిగేది సుమారు 18 మి.లీ. గాఢత మి.లీ.కు 10 మి.గ్రా. అయితే 6 మి.గ్రా. డోస్‌కు రోజుకు 0.6 మి.లీ. ఖర్చవుతుంది, నెలకోసారి రీఫిల్. 20 మి.గ్రా. గాఢత పోస్తే 0.3 మి.లీ. చాలు, రెండు నెలలకోసారి. నడుం నొప్పితో ప్రయాణం చేసే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. ఆమే అడిగి పెంచమన్నారట.

మార్ఫిన్ విషయంలో 20 మి.గ్రా. గాఢత, రోజుకు 15 మి.గ్రా. డోస్ అన్నవి ఈ చికిత్స మీద నిపుణుల బృందం (పాలీఅనాల్జెసిక్ కన్సెన్సస్ కాన్ఫరెన్స్) తన మార్గదర్శకాల్లో పై హద్దులుగా చెప్పినవి. అంటే ఇక్కడ గాఢత హద్దుకు వచ్చేసింది, డోస్ ఇంకా లోపలే ఉంది. కాగితం మీద చూస్తే ఎవరికీ అనుమానం రాని పరిస్థితి.

మా దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు నొప్పి మళ్లీ ఎనిమిది. డోస్ ఇంకొంచెం పెంచమని ఆమె కోరిక. నేను మొదట అడిగింది, "పాత నొప్పేనా అమ్మా, కొత్తదేమైనా ఉందా?" అని. కాసేపు ఆలోచించి, బొడ్డు దగ్గర నుంచి చేతివేలితో నడుం చుట్టూ ఒక గీత గీసి చూపించారు. "ఇక్కడ పటకా బిగించి కట్టినట్టు ఉంటోంది. గ్యాస్ అనుకున్నాను" అన్నారు.

బొడ్డు చుట్టూ చర్మానికి స్పర్శ అందించేది టీ10 నరం. కాథెటర్ కొన ఉన్నదీ టీ10 దగ్గరే. డోస్ ఎన్నో రెట్లు పెరిగినా ఫలితం లేకపోవడం ఒకటి, కొన ఉన్నచోట కొత్త నొప్పి రావడం ఇంకొకటి. ఈ రెండూ కలిసి వస్తే కొన దగ్గర గ్రాన్యులోమా ఉందనే అనుకుని, లేదని రుజువయ్యే దాకా వెతకాలి. గ్రాన్యులోమా అంటే మందు గాఢంగా పడేచోట పెరిగే వాపు గడ్డ. క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షనూ కాదు. ముఖ్యంగా మార్ఫిన్, హైడ్రోమార్ఫోన్ వాడేవాళ్లలో, ఎక్కువ గాఢత, ఎక్కువ డోస్ ఉన్నప్పుడు వస్తుంది. పట్టించుకోకపోతే వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోయేలా చేయగలదు.

పరీక్ష చేస్తే కాళ్లలో బలం మామూలుగానే ఉంది. మోకాలి రిఫ్లెక్సులు మాత్రం రెండువైపులా మామూలుకన్నా చురుగ్గా వచ్చాయి, అది వెన్నుపాము మీద ఒత్తిడికి సూచన కావచ్చు. పాత నోట్స్‌లో అవి మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. మూత్రం, మలం మీద అదుపు పోలేదు. ఆ రోజే అడ్మిట్ చేశాం.

వెతుకులాట

ముందు పంప్‌ను రిమోట్‌తో చదివాం. మోటార్ ఎక్కడా ఆగలేదు, ప్రోగ్రామ్ చేసిన వేగంతోనే తిరుగుతోంది, బ్యాటరీ ఉంది. తర్వాత రిజర్వాయర్‌లో మిగిలిన మందు తీశాం. లెక్క ప్రకారం 4.1 మి.లీ. ఉండాలి, 4.3 వచ్చింది. అంటే పంప్ నుంచి మందు బయటికి వెళ్తోంది. కాథెటర్ తెగి మందు చర్మం కిందకు పోతున్నా ఈ లెక్క ఇలాగే వస్తుందని మర్చిపోకూడదు. అందుకని పొట్ట, వెన్ను ఎక్స్‌రేలు. కాథెటర్ పొడవునా ఎక్కడా తెగలేదు, మడత పడలేదు, జాయింట్ ఊడలేదు, కొన టీ10 దగ్గరే ఉంది.

చాలాచోట్ల ఈ దశలో కాథెటర్ పోర్టులోకి (పంప్ మీద కాథెటర్‌కు నేరుగా సూది పెట్టే రంధ్రం) కాంట్రాస్ట్, అంటే ఎక్స్‌రేలో కనబడే ద్రవం ఎక్కించి చూస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. ముందు పోర్టు నుంచి ద్రవం వెనక్కి లాగి కాథెటర్‌లో ఉన్న మందును తీసేయాలి. లాగినా రాకపోతే ఏమీ ఎక్కించకూడదు, ఎందుకంటే కాథెటర్‌లో ఉన్న గాఢమైన మార్ఫిన్ మొత్తం ఒక్కసారిగా వెన్నులోకి వెళ్లిపోతుంది. మేం దాన్ని పక్కనపెట్టి, గాడోలినియం అనే కాంట్రాస్ట్‌తో వీపు భాగానికి (థొరాసిక్) ఎంఆర్‌ఐకి పంపాం. ఎంఆర్‌ఐ అయస్కాంతంలో ఈ రకం పంప్ మోటార్ తాత్కాలికంగా ఆగి, బయటికి వచ్చాక తిరిగి మొదలవుతుంది. మళ్లీ మొదలైందా లేదా అన్నది స్కాన్ తర్వాత రిమోట్‌తో చూసి నోట్స్‌లో రాసుకోవాలి. కొన్ని కంపెనీల పంప్‌లను స్కాన్‌కు ముందు పూర్తిగా ఖాళీ చేయాలి, లేకపోతే మందంతా లోపలికి వదిలేస్తాయి. ఏ పంప్ అన్నది రోగి దగ్గరుండే కార్డు చూడకుండా ఎవరూ ఎంఆర్‌ఐ గదిలోకి పంపకూడదు.

స్కాన్‌లో కొన దగ్గర, వెన్నుపాముకు వెనక, ఆరు మిల్లీమీటర్ల ముద్ద. అంచు కాంట్రాస్ట్‌తో వెలిగింది. వెన్నుపాము కాస్త ముందుకు జరిగింది గానీ, దానిలో వాపు సిగ్నల్ లేదు.

ఏం చేశాం

న్యూరోసర్జన్‌తో కలిసి నిర్ణయించాం. కాళ్లలో బలహీనత గానీ, మూత్రం మీద అదుపు పోవడం గానీ ఉంటే ఆపరేషన్ చేసి ఒత్తిడి తీయాలి. లేదు కాబట్టి మందు ఆపి చూడొచ్చు. ఈ గడ్డ మందు వల్ల వచ్చింది, మందు పోతే చాలామందిలో తగ్గుతుంది.

ఆపడం అంటే ఒక్కరోజులో ఆపడం కాదు. రోజుకు 6 మి.గ్రా. ఇంట్రాథీకల్ మార్ఫిన్ ఒక్కసారిగా తీసేస్తే విత్‌డ్రావల్ తీవ్రంగా వస్తుంది. (అదే పంప్‌లో కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ ఉండి ఒక్కసారిగా ఆగితే జ్వరం, కండరాలు బిగుసుకోవడం, స్పృహ తప్పడం వచ్చి ప్రాణమే పోవచ్చు. నొప్పికి వాడే ఇంకో మందు క్లోనిడిన్ అయితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. పంప్‌లో ఏముందో తెలియకుండా ఎవరూ దాన్ని ఆపకూడదు.) వార్డులోనే ఉంచి డోస్ దశలవారీగా దించాం, నోటి మార్ఫిన్ కొంత తోడుగా ఇచ్చాం.

గాఢత తగ్గించేటప్పుడు ఒక లెక్క తప్పితే ప్రాణం మీదకు వస్తుంది, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. డోస్ 4 మి.గ్రా.కు దిగినప్పుడు 20 గాఢత (మి.లీ.కు 20 మి.గ్రా.) మందు తీసేసి 5 గాఢత మందు పోశాం. పాత మందుకు వేగం రోజుకు 0.2 మి.లీ., కొత్తదానికి 0.8 మి.లీ. రిజర్వాయర్ మార్చినా పంప్ లోపలి గొట్టంలో, కాథెటర్‌లో పాత 20 గాఢత మందే నిండి ఉంటుంది. వెంటనే 0.8 మి.లీ. వేగం పెట్టేస్తే ఆ పాత మందు రోజుకు 16 మి.గ్రా. లెక్కన, అంటే నాలుగు రెట్లు, వెన్నులోకి వెళ్తుంది. అందుకని గొట్టంలో ఉన్న పరిమాణం లెక్కగట్టి, అది పాత వేగంతోనే ఖాళీ అయ్యాక కొత్త వేగం మొదలయ్యేలా బ్రిడ్జ్ బోలస్ ప్రోగ్రామ్ చేయాలి. ప్రోగ్రామర్ ఆ లెక్క చూపిస్తుంది. మా వార్డులో దాన్ని ఒకరు చేసి, ఇంకొకరు కాగితం మీద విడిగా చేసి, రెండూ కలిస్తేనే బటన్ నొక్కుతాం.

రీఫిల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 20 మి.లీ. నిండా 20 గాఢత మందు అంటే 400 మి.గ్రా. మార్ఫిన్. సూది రిజర్వాయర్‌లోకి కాకుండా పంప్ పక్కన చర్మం కిందికి దిగి అదంతా అక్కడ పడితే, మామూలు మోతాదులకు ఎన్నో రెట్ల మందు శరీరంలోకి చేరుతుంది. నెట్టేటప్పుడు మధ్యమధ్యలో వెనక్కి లాగి చూడటం, పంప్ చుట్టూ వాపు వస్తోందేమో చేత్తో తడమడం, అయ్యాక కాసేపు కూర్చోబెట్టి గమనించడం, వీటికి పట్టే సమయాన్ని ఎంత రద్దీ ఉన్నా కోయకూడదు. నాలోక్సోన్ ప్రభావం గంటా గంటన్నరలో తగ్గిపోతుంది, మార్ఫిన్‌ది తగ్గదు. ఒక డోస్‌తో కోలుకున్నాడని ఇంటికి పంపేయడం ప్రాణాంతకం.

మార్ఫిన్ పూర్తిగా ఆగాక పంప్‌లో ప్రిజర్వేటివ్ లేని సెలైన్ పోసి, కాథెటర్ మూసుకుపోకుండా తక్కువ వేగంతో నడిపాం. కొన్ని వారాల్లోనే పటకా బిగుతు వదిలింది. మోకాలి రిఫ్లెక్సులు మెల్లగా మామూలయ్యాయి. మూడు నెలల తర్వాతి ఎంఆర్‌ఐలో ముద్ద సగానికి పైగా కుంచించుకుపోయింది, వెన్నుపాము తన చోటికి వచ్చింది.

కానీ కాలి మంట, నడుం నొప్పి పూర్తి బలంతో తిరిగొచ్చాయి. స్కూలుకు సెలవు పెట్టారు. చికిత్స సరిగ్గా జరుగుతున్నప్పుడు కూడా రోగి ఇంత బాధపడాల్సి రావడం మాకందరికీ భారంగా ఉండేది. ఆ నెలల్లో ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: "పంప్ తీసేస్తారా?"

రెండో మందు

పంప్ బాగుంది, కాథెటర్ బాగుంది. మిగిలింది మందు మార్చడం. జికోనొటైడ్ మీద మళ్లీ మాట్లాడాం. ఈసారి ఆమె ఒప్పుకున్నారు, ఒక షరతుతో. మాట తడబడుతోందని ఆమెకు అనిపించిన రోజునే డోస్ తగ్గించాలి, డాక్టర్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. న్యాయమైన షరతు. రాసి సంతకం చేసి ఫైల్‌లో పెట్టాం.

ముద్ద ఇంకా తగ్గాక, ఫ్లోరోస్కోపీలో చూస్తూ కాథెటర్‌ను కొద్దిగా వెనక్కి లాగి కొనను టీ12 దగ్గరికి తెచ్చాం. పాత గడ్డ పక్కన మళ్లీ మందు పడకూడదు. పోర్టు నుంచి సీఎస్‌ఎఫ్ తేలిగ్గా వచ్చింది. జికోనొటైడ్ పంప్ లోపలి గోడలకు అతుక్కుంటుంది, అందుకని మొదటిసారి నింపే ముందు మి.లీ.కు 25 మైక్రోగ్రాముల గాఢత మందుతో 2 మి.లీ. చొప్పున మూడుసార్లు కడగాలి. మొదటి ఫిల్ 14 రోజుల్లోపు మార్చాలి, ఆ తర్వాత సెలైన్ కలిపి పలచన చేయని మందైతే 84 రోజుల దాకా ఉంచొచ్చు. మా పంప్ నడవగల అతి తక్కువ వేగం రోజుకు 0.048 మి.లీ. దానికి ఈ గాఢతతో వచ్చే డోస్ 1.2 మైక్రోగ్రాములు. అక్కడి నుంచే మొదలుపెట్టాం.

ఈ మందును తొందరపడి పెంచితే చెడుతుంది. వారానికి ఒకసారికి మించకుండా, ఒక్కోసారి అర మైక్రోగ్రాముకు మించకుండా పెంచాం. మధ్యలో రక్తంలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) చూశాం, ఎందుకంటే ఈ మందు దాన్ని పెంచగలదు. ఆమె ఒక నోట్‌బుక్ పెట్టుకున్నారు. రోజూ రాత్రి ఆ రోజు నోటికి రాని మాటలు అందులో రాసేవారు. మొదట్లో రోజుకు ఒకటి, అదీ ఎవరికైనా జరిగే రకం. 2.9 మైక్రోగ్రాముల దగ్గరికి వచ్చేసరికి పేజీలో ఏడెనిమిది మాటలు కనబడ్డాయి. వాటిలో తను ఎన్నో ఏళ్లుగా పాఠం చెప్పిన పదాలు ఉన్నాయి. నొప్పి అప్పటికి బాగానే తగ్గింది. అయినా ఒప్పందం ప్రకారం 2.4కు దించాం. రెండు వారాలు తిరక్కుండానే పేజీలు ఖాళీగా వచ్చాయి. ఆ నోట్‌బుక్ లేకపోతే ఈ తేడా మా పరీక్షల్లో దొరికేది కాదు.

ఇప్పుడు నొప్పి నాలుగు దగ్గర ఉంటోంది. మార్ఫిన్ ఏ రూపంలోనూ లేదు. సగం రోజు స్కూలుకు వెళ్తున్నారు. చివరి ఎంఆర్‌ఐలో టీ10 దగ్గర చిన్న మచ్చ మిగిలింది, వెలుగు లేదు. ఏటా ఒకసారి, లేదా కొత్త చోట నొప్పి, తిమ్మిరి కనిపిస్తే వెంటనే స్కాన్ అని ఫైల్ మొదటి పేజీలోనే రాసి ఉంచాం. రీఫిల్ చేసే సెంటర్‌కు కూడా ఒక కాగితం పంపాం. డోస్ మార్చాలనిపిస్తే ముందు మాకు ఫోన్ చేయాలని, రోగి చెప్పకపోయినా ప్రతిసారీ మోకాలి రిఫ్లెక్స్, పాదాల బలం చూసి రాయాలని అందులో ఉంది. వాళ్లు అలాగే చేస్తున్నారు.

పంప్ బ్యాటరీ మరో ఏడాదిలో అయిపోవచ్చు. ఈ రకం పంప్‌లు నాలుగు నుంచి ఏడేళ్లు వస్తాయి, తర్వాత పంప్ మార్చాలి. అప్పుడు 40 మి.లీ. పెద్ద పంప్ పెడితే రీఫిల్‌కూ రీఫిల్‌కూ మధ్య వ్యవధి పెరుగుతుందా అని ఆమె అడిగారు. లెక్క చేసి చూపించాం. రోజుకు 2.4 మైక్రోగ్రాములంటే 0.096 మి.లీ., 84 రోజులకు 8 మి.లీ. చాలు. అంతకుమించి మందు పంప్‌లో నిలవ ఉంచకూడదు కాబట్టి పెద్ద రిజర్వాయర్ వల్ల లాభం లేదు, పొట్ట మీద బరువు తప్ప. చిన్నదే పెట్టమన్నారు, ఈసారి కుడివైపు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం ఆమెకు ఇష్టమట.